ముద్ర, అంకితము, అవతారిక: ఆత్మప్రదర్శనమును గూర్చి యొక పరిశీలనము

బీదరు పట్టణమున చౌబారా నుండి కోటకు పోవు త్రోవలో మహమూదు గవాను మదరసా కలదు. 1472లో నిర్మింపబడిన ఆ విద్యాలయమునకు ముందు వైపున నుండిన రెండు మీనారులలో నేడు ఒకటియే నిలిచియున్నది. దాని ముందు నిలిచి చేతి ఫోనుతో తమ చిత్రమును తామే తీసికొనువారు తఱచుగా కనబడుదురు. ఒకటి తీసి చూచి, తల కొంచెము వంచి మరల తీసి, పది పండ్రెండింటిలో ఒక్కదానిని ఏరి, దానికి వన్నె దిద్ది, వాట్సప్ స్టేటస్సుగనో ఇన్‌స్టాగ్రామ్ చిత్రముగనో లోకమునకు విడుతురు. అటుపిమ్మట ఎవరు చూచిరి, ఎందఱు మెచ్చిరి అని మాటిమాటికి ఫోను తెఱచి చూచుకొందురు. పెద్దలు దీనిని చూచి విసుగుకొనుటయు, పిన్నలు ఆ విసుగును లెక్కసేయకుండుటయు ప్రతి యింట జరుగుచున్నదే. కాని యిందు మనస్సునకు హితమెంత, అహితమెంత అను ప్రశ్న విసుగుతో తేలునది కాదు.

సాహిత్య విమర్శకు ఈ విషయముతో పనియేమి అని కొందఱు అడుగవచ్చును. తన్ను తాను లోకమునకు చూపుకొనుట ఫోనుతో పుట్టిన వ్యాపారము కాదు. పద్యములందును, లేఖలందును, స్వీయచరిత్రములందును మనవారు దానిని వందల యేండ్లుగా చేయుచు వచ్చిరి. చేయుటయే కాక, అది యెప్పుడు శోభించును, ఎప్పుడు వెగటగును అని విచారించిరి. ఆ విచారమును నేటి విషయమునకు అన్వయించి చూచుటలో తప్పులేదు.

మొదట ఆ మదరసా నిర్మాత చరితమునే గ్రహింపవచ్చును. పారసీక దేశమున గీలాను ప్రాంతమున పుట్టి, వర్తకుడై దక్కనునకు వచ్చి, బహమనీ రాజ్యమునకు ప్రధానియైన గవాను గొప్ప లేఖకుడు. ఆతని లేఖలు ‘రియాజుల్ ఇన్షా’ అను పేర సంపుటముగా నిలిచియున్నవి. లేఖనకళను గూర్చి ‘మనాజిరుల్ ఇన్షా’ అను లక్షణగ్రంథమును గూడ ఆతడు రచించెను. దక్కను నుండి ఆతని లేఖలు ఉస్మానీ సుల్తానునకును, హీరాతు నగరమందలి జామీ మహాకవికిని పోయెను. జామీని దక్కనునకు రమ్మని ఆహ్వానించెను గాని, జామీ రాలేదు. ఆ లేఖలలో కనబడు గవాను అలంకారములతో తులతూగుచుండును. ఇంటిలోని గవాను వేఱు. ఆతడు చాపమీద పరుండెడివాడనియు, ఆతని యింట మట్టిపాత్రలలో వంట జరిగెడిదనియు, తన వర్తకపు మూలధనముపై వచ్చిన లాభముతోనే తన పోషణము జరుపుకొనెడివాడనియు ఆతని మరణానంతరమున ధనాగార విచారణలో తెలియవచ్చినట్లు ఫిరిష్తా వ్రాసెను. చూపిన రూపమునకును బ్రతికిన బ్రతుకునకును ఇంత దూరమున్నను, దానివలన ఆతని మనస్సు చెదరినట్లు తోపదు. అవి ఆస్థానలేఖలనియు, అందలి వైభవము రాజ్యమునకు చెందినదనియు వ్రాసినవాడెఱుగును, చదివినవాడెఱుగును.

ఆతని ప్రాణము తీసినది ఆ దూరము కాదు, ముద్ర. విరోధులు ముద్రాధికారిని లోబఱచుకొని, వట్టి కాగితముపై గవాను ముద్ర వేయించి, ఒరిస్సా రాజును రాజ్యముపైకి రమ్మని పిలుచుచున్నట్లు దానిపై లేఖ కల్పించిరి. దానిని చూపి సుల్తాను ప్రశ్నింపగా, ముద్ర తనదే గాని వ్రాత తనది కాదని గవాను చెప్పెనట. సుల్తాను ముద్రను నమ్మెను, మనుష్యుని నమ్మలేదు. 1481 ఏప్రిలు 5వ తేదీన ఆ వృద్ధమంత్రి శిరచ్ఛేదము జరిగెను. తన పేరును తన రూపమును వహించిన వస్తువు తన చేతి నుండి జాఱి పరుల చేతబడినపుడు కలుగు ఆపదకు బీదరు చరిత్రలో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు. ఒక ఆడపిల్ల చిత్రమును దొంగిలించి నకిలీ ఖాతా తెఱచిన వార్త వినబడినపుడు ఆ పిల్ల చెప్పునదియు ఆ మాటయే: ముఖము నాదే, మాట నాది కాదు. చిత్రములు పెట్టుటకు తల్లిదండ్రులు భయపడుట చాదస్తమని త్రోసివేయువారు ఈ యంశమును తలపవలెను. అయితే ఇది పరుల దౌష్ట్యమువలన కలుగు కీడు. ఏ దుష్టుడును నడుమ లేకున్నను, తన్ను తాను చూపుకొనుటవలననే కలుగు సంతోషమో సంతాపమో వేఱుగ విచారింపదగియున్నది.

దానికి బీదరు జిల్లాలోనే మఱియొక స్థలము ఆధారమగుచున్నది. కళ్యాణము, అనగా నేటి బసవకల్యాణము, 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు మొదలగు శరణుల నిలయము. ఆ బసవేశ్వరుని కథను పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో ‘బసవపురాణము’గా రచింపగా, 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. కన్నడ దేశపు మహాపురుషుని పురాణము తెలుగు నుండి కన్నడమునకు పోవుట బీదరు తెలుగువారు సగర్వముగా చెప్పుకొనదగిన విషయము. ఇట ‘అంకితము’ అను పదమునకు రెండు భాషలలో గల అర్థభేదమును గమనింపవలెను. తెలుగున అంకితమనగా కృతిని ఒకరికి సమర్పించుట. వచన వాఙ్మయమున అంకితమనగా రచన చివర కవి వేయు చేవ్రాలు. దానినే ముద్రిక యనియు అందురు. బసవేశ్వరుని యంకితము కూడలసంగమదేవ, అల్లమప్రభువుది గుహేశ్వర, అక్కమహాదేవిది చెన్నమల్లికార్జున. చేవ్రాలు ఉండవలసిన చోట తమ పేరు లేదు, ఇష్టదైవము పేరున్నది. తన పేరు కనబడవలసిన తావును తానే యొరులకు విడిచిపెట్టుట వలన, మెప్పును తెగడ్తను సూటిగా తన హృదయమునకు తగులకుండ వారు చేసికొనిరి. ఇది యొక్కటే దారి యని మాత్రము చెప్పరాదు. పడవ నడపి బ్రతికిన అంబిగర చౌడయ్య తన పేరునే యంకితముగా వేసికొనెను. ఆతని వచనములలోని తీక్ష్ణత కన్నడిగులందఱెఱిగినదే. కులవృత్తిని పేరుతో సహా చాటుకొనుట ఆత్మస్తుతి కాదు, అది యొక ధిక్కారము. వేమన తన మకుటమున తన్ను తానే సంబోధించుకొనెను. ఆతనికి మొదటి శ్రోత తానే. మూడు పద్ధతులను ఒకచోట నుంచి చూచినచో, తన పేరు చెప్పుకొనుటయో మానుటయో ప్రధానము కాదనియు, ఎవరి ముందు, ఎందులకు అను ప్రశ్నయే ప్రధానమనియు తేలుచున్నది.

అక్కమహాదేవి కళ్యాణమునకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను పరీక్షించిన ఘట్టము ‘శూన్యసంపాదనె’యందు ప్రసిద్ధము. సర్వము త్యజించితినను నీవు దేహమును కురులతో కప్పుకొనుట యేల అని ఆయన అడిగెను. లోపల ఫలము పండినగాని పైతొక్క వన్నె తప్పదనియు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకే కప్పుకొంటిననియు ఆమె సమాధానముగా కానవచ్చుచున్నది. సంపూర్ణ సత్యమును కోరి యిల్లు విడిచిన స్త్రీకి గూడ తన్ను ఎట్లు చూపుకొనవలెనను ప్రశ్న తప్పలేదు. ఉన్నదున్నట్లు చూపుటయే నిజాయితీ యని నేడు పలువురు సులభముగా చెప్పుచున్నారు. చూచువారి యెడ కనికరముతో కొంత కప్పుకొనుటయు నిజాయితీయే కావచ్చునని ఆ ఘట్టము తెలుపుచున్నది.

ఇక తెలుగు కావ్యముల అవతారికలకు రావలెను. ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గఱగా నున్నవి ఇవియే. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణనము అను క్రమమున సాగు అవతారికలో కవి తన్ను తాను పొగడుకొను ఘట్టము ఒకటి తప్పక యుండును. కాని కవి ఆ పొగడ్తను తన నోట చెప్పడు. ‘శృంగారనైషధము’న మామిడి సింగన, ‘హరవిలాసము’న అవచి తిప్పయ సెట్టి, ‘కాశీఖండము’న వీరభద్రారెడ్డి కొలువుదీర్చి శ్రీనాథుని పిలిపించి, ఆతని విద్యను ప్రశంసించి కృతి నడుగుదురు. ఆ ప్రశంసను పద్యములుగా వ్రాసినవాడు శ్రీనాథుడే. పెద్దన ‘మనుచరిత్ర’యందు కృష్ణదేవరాయలచేత తన్ను గూర్చి పలికించినదియు ఈ మార్గమే. ఇంతకంటె నిర్భయమైన ఆత్మప్రదర్శనము మఱొకటి లేదు. ‘భీమేశ్వరపురాణము’ అవతారికలో కృతిపతియైన బెండపూడి అన్నయామాత్యుని పారసీక లేఖన నైపుణ్యమును గూడ శ్రీనాథుడు కొనియాడెను. పారసీకమున లేఖ వ్రాయగలుగుట ఒక మంత్రికి ప్రదర్శింపదగిన గుణముగా ఆనాడే యేర్పడినదన్నమాట.

ఈ పొగడ్త చదువరికి వెగటు కలిగింపకుండుటకును, కవికి క్షోభ కలిగింపకుండుటకును కారణమేమి? ఇది అతిశయోక్తి యని ఇరువురకును తెలియును. అతిశయోక్తి మన అలంకారశాస్త్రమున పేరున్న అలంకారము. అది తన వేషమును దాచుకొనదు. అవతారిక చదివినవాడెవ్వడును ‘శ్రీనాథునికి ఇంత వైభవము, నాకు లేదుగదా’ అని రాత్రి నిదురపోక బాధపడడు. నేటి స్టేటస్సు అట్టిది కాదు. అది ఛాయాచిత్రము, అనగా ఉన్నదున్నట్లు చూపునది యను నమ్మకముతో చూడబడునది. పది పండ్రెండింటిలో ఏరినదనియు, వన్నె దిద్దినదనియు దానిపై వ్రాసియుండదు. కావుననే అది స్వభావోక్తి వేషము ధరించిన అతిశయోక్తి. చూచువాడు తన నిత్యజీవితపు స్వభావోక్తిని పరుల పండుగనాటి అతిశయోక్తితో పోల్చుకొని క్రుంగును. తానును ఒక చిత్రము పెట్టును. దానిని చూచి మఱియొకడు క్రుంగును. దోషము అతిశయోక్తియందు లేదు, అది వేషము మార్చుటయందున్నది.

శ్రీనాథుని యవసానదశను గూర్చి ఆతనిదేనని పెద్దలు చెప్పు చాటుపద్యము కలదు. బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, కృష్ణవేణి వఱదలో పైరు పోగా, పన్ను చెల్లింపలేక పడిన అవమానమును అది చెప్పును. దాని కర్తృత్వమును శంకించినను ఒక మాట నిజము: కనకాభిషేకము పొందిన కవిని తలచుకొనునపుడు తెలుగు పాఠకలోకము ఆ పద్యమును గూడ విడువక నిలుపుకొన్నది. వైభవమును, దైన్యమును పక్కపక్కన ఉంచుకొనుట మన సాహిత్యస్మృతికి అలవాటు. ఏరిన చిత్రములు మాత్రమే నిలుచు ఖాతాలో ఆ రెండవ పుటకు చోటు చాల అరుదు.

స్వీయచరిత్రములను గూర్చి విపులముగా వ్రాయుటకు ఇది తావు కాదు. కందుకూరి వీరేశలింగము పంతులు తెలుగున ఆ ప్రక్రియకు బాట వేసెను. ఆదిభట్ల నారాయణదాసు ‘నా యెఱుక’ తన ముప్పదియవ యేటి వఱకు మాత్రమే నడచినది. అందు తన చాపల్యములను దాచుకొను ప్రయత్నము కనబడదు. శ్రీశ్రీ ‘అనంతము’ను ఆత్మచరిత్రాత్మక నవల యని పిలిచెను. ఈ చివరి పేరు మిక్కిలి తెలివైనది. తన్ను గూర్చి తాను చెప్పుకొనునపుడు కల్పన తప్పదని ముఖపత్రముననే ఒప్పుకొనుట అది. అవతారికలోని ఒడంబడికయే వేఱొక రూపమున ఇందు గోచరించుచున్నది.

పాశ్చాత్య పండితులు ఈ విషయమును లెక్కలతో పరిశీలించిరి. మనుష్యులు నిత్యజీవితమున నటులవలె ప్రవర్తింతురని ఎర్వింగ్ గాఫ్‌మన్ 1956లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. ఉన్న తానునకును కోరిన తానునకును దూరము పెరిగినచో విషాదమును, ఉండవలసిన తానునకు దూరమైనచో ఆందోళనమును కలుగునని హిగ్గిన్స్ 1987లో వివరించెను. 2013లో మిచిగను పండితులు 82 మందికి రెండు వారములు దినమునకు అయిదేసి మార్లు ఫోను ద్వారా ప్రశ్నలు పంపి, ఫేస్‌బుక్ చూచిన కొలది తరువాతి సంతోషము తగ్గుచున్నదని తేల్చిరి. 2019లో ఆర్బెన్, ప్రిబిల్‌స్కీ అను పరిశోధకులు మూడున్నర లక్షలకు పైబడిన కౌమారవయస్కుల సమాచారమును పరిశీలించి, సాంకేతిక సాధనముల వాడుక వారి మనఃస్వాస్థ్య భేదములలో నూటికి 0.4 పాలు మించి వివరింపజాలదని చెప్పిరి. ఈ రెండవది చదివిన పిమ్మట, ఫోనే సర్వానర్థమూలమని సభలలో చెప్పు వక్తలు కొంచెము గొంతు తగ్గించుట మంచిది.

ప్రస్తుత విషయమునకు సూటియైనది 2020లో బెయిలీ, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధనము. 10,560 మంది ఫేస్‌బుక్ వాడుకరులలో, తమ స్వభావమునకు దగ్గఱగా కనబడునట్లు వ్రాసికొన్నవారు ఎక్కువ తృప్తి కలవారని వారు కనుగొనిరి. విద్యార్థులను ఒక వారము ఉన్నట్లును, ఒక వారము ఆదర్శముగను వ్రాయుమని చెప్పి చేసిన ప్రయోగమునను ఆ ఫలితమే కొంత కానవచ్చినది. పని మెచ్చదగినదే. కాని అందొక చిక్కు కలదు. ‘ఉన్న స్వభావము’ అని వారు గ్రహించినది ప్రశ్నపత్రమునకు ఆ మనుష్యుడే యిచ్చిన సమాధానము. ప్రశ్నపత్రము నింపుటయు ఒక విధమైన ఆత్మప్రదర్శనమే కదా! ఒక ప్రదర్శనమును మఱియొక ప్రదర్శనముతో పోల్చి, రెండును కలిసినచో సత్యమనిరి. తృప్తిగలవాడు ధైర్యముగా తన్ను చూపుకొనునా, చూపుకొనుటచేతనే తృప్తి పొందునా అనునది ఆ పెద్ద లెక్కవలన తేలదు. అందుకే ప్రయోగము చేసిరి గాని, అందులో పాల్గొన్నవారు నూఱుమందియైన లేరు.

అంతకంటె ముఖ్యమైన లోపము మఱొకటి. ‘ఉన్న తాను’ ఒక్కటే యని ఆ పరిశోధనము నమ్మినది. బీదరులోని తెలుగు కుటుంబమునకు ఆ నమ్మకము సరిపడదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లా మూడు ముక్కలయ్యెను. బీదరు, భాల్కీ, హుమ్నాబాదు, ఔరాదు ప్రాంతములు మైసూరునకును, అహమ్మదుపూరు, నీలంగ, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును, నారాయణఖేడు తాలూకాయు జహీరాబాదు తాలూకాలో మిక్కిలి భాగమును ఆంధ్రప్రదేశమున మెదకు జిల్లాకును పోయెను. వియ్యములు, పొలములు, జాతరలు మాత్రము ఏ చట్టమును చూచి విడిపోలేదు. ఈ యూరి తెలుగు బాలుడు ఇంట తెలుగు, బడి వెలుపల కన్నడము, బజారులో దక్కనీ ఉర్దూ, కొన్ని యిండ్లలో మరాఠీయు పలుకును. ఒక్కొక్క భాషలో ఆతని నవ్వు, మర్యాద, సంబోధనము వేఱు. ఇందులో ఏది దొంగ, ఏది దొర? అన్నియు ఆతడే. పూర్వము ఈ తానులకు వేఱువేఱు వాకిళ్లు ఉండెడివి. స్టేటస్సునకు ఒకటే వాకిలి. దానిముందు మేనమామయు, కన్నడ సహాధ్యాయియు, హైదరాబాదునందలి చుట్టమును ఒకేసారి నిలుతురు. ఏ భాషలో వ్రాయవలెను?

ఈ ప్రశ్నకు పిల్లలు కనుగొనిన సమాధానములను విమర్శకుడు తేలికగా చూడరాదు. కొందఱు మాటయే లేక పాట జతచేసిన చిత్రము పెట్టుదురు. కొందఱు తెలుగును ఇంగ్లీషు లిపిలో వ్రాయుదురు. తెలుగు లిపి వ్రాసినచో తోడివారు చదువలేరు, వ్రాయక పోయినచో అమ్మమ్మ చదువలేదు. తెలుగున వ్రాయువారును తమ యింటి తెలుగు వ్రాయక, సినిమాలలో వినబడు తెలుగు వ్రాయుదురు. కన్నడపు యాసయు, దక్కనీ మాటలును కలిసిన ఇంటి పలుకు ప్రదర్శనమునకు తగదని వారెక్కడనో నేర్చుకొనిరి. హిగ్గిన్స్ చెప్పిన దూరము ఇచట ముఖముల నడుమ గాక భాషల నడుమ ఏర్పడుచున్నది. మొదట స్టేటస్సులో దాగిన ఆ పలుకు పిదప నోటను దాగును. చుట్టములు వచ్చినపుడు అవ్వ మాటలాడుచుండగా మనుమడు తల వంచుకొని లోపలికి పోవును. మనఃస్వాస్థ్యమను పెద్దమాటకు ఈ చిన్న ఘట్టముకంటె మంచి యుదాహరణమును వెదకనక్కరలేదు.

తాను జానుతెనుగున వ్రాయుదునని సోమనాథుడు ప్రకటించుకొనుట గూడ ఆత్మప్రదర్శనమే. సంస్కృత సమాసములతో తన పాండిత్యమును చూపుటకు ఆతనికి శక్తి లేక కాదు. ‘పండితారాధ్యచరిత్ర’ చదివినవారికి ఆతని సంస్కృతము ఎట్టిదో తెలియును. తన శ్రోతలెవరో నిశ్చయించుకొని, వారి నోటి పలుకును తన ముద్రగా ఆతడు ఎంచుకొనెను. కళ్యాణపు కథకు ఆ పలుకు చాలినది.

ఒక విశేషమును గూడ ఇట పేర్కొనవలెను. స్టేటస్సులలో కనబడని ఆ యింటి తెలుగు వాట్సప్ వాయిస్ మెసేజీలలో సమృద్ధిగా వినబడుచున్నది. జహీరాబాదు నుండియో నారాయణఖేడు నుండియో పెద్దమ్మ ఫోను పెదవి దగ్గఱ పెట్టుకొని, వానలను, పత్తి ధరను, ఎవరికో కుదిరిన పెండ్లిని ఏకధాటిగా చెప్పును. నడుమ దగ్గును, ఎవరినో కేకవేయును, ‘గట్లనే గదా’ యని నవ్వును. దానిలో ఏరినది లేదు, దిద్దినది లేదు. అది ఒక్కరికి పంపినది. బీదరున మనుమడు దానిని చెవికి ఆనించుకొని విని, ఎవ్వరును దగ్గఱ లేరని చూచుకొని, అదే యాసలో బదులు చెప్పును.